పాత కారు పెయింట్ కింద తుప్పు పొక్కులు: గీకాలా, కోయాలా, అలాగే ఉంచాలా?

కారు కడిగి తుడుస్తుంటే వెనక చక్రం పైన వేళ్లకు ఏదో గరుకుగా తగులుతుంది. వంగి చూస్తే పెయింట్ మీద చిటికెన వేలి గోరంత పొక్కు. పక్కనే ఇంకో రెండు చిన్నవి. బొటనవేలితో నొక్కితే పెయింట్ పెళుసుగా పగిలి, కింద నుంచి గోధుమ రంగు పొడి రాలుతుంది. పాత కారు ఉంచుకున్నవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. ఆ తర్వాత వచ్చే సలహాలూ మనకు అలవాటే. ఒకరు గీకి టచప్ చేయమంటారు. ఒకరు తుప్పును నల్లగా మార్చే మందు పూయమంటారు. ఇంకొకరు రేకు కోసి కొత్తది అతికించమంటారు. మరొకరు అసలు ముట్టుకోవద్దంటారు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట పనికొచ్చేవే. మీ కారు మీది పొక్కుకు ఏది పనికొస్తుందో తేల్చాలంటే ముందు ఒక్క సంగతి చూడాలి: తుప్పు రేకుకు ఏ వైపున పుట్టింది?

బయటి నుంచి తిన్నదా, లోపలి నుంచి తిన్నదా

ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే చాలు, తుప్పు మొదలవుతుంది. ఉప్పు తోడైతే ఇంకా వేగంగా తింటుంది. తుప్పుగా మారిన ఇనుము అసలు లోహం కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అలా ఉబ్బుతూ పైనున్న పెయింటును నెట్టుకుని లేస్తుంది. మన వేలికి తగిలేది అదే.

బయటి తుప్పు కథ చిన్నది. రాయి ఎగిరి తగులుతుంది, పెయింట్ చితుకుతుంది, చెమ్మ ఆ దెబ్బ అంచు కిందుగా పాకుతుంది. పొక్కు నడుమ ఎక్కడో ఆ పాత దెబ్బ ఆనవాలు కనిపిస్తుంది. బానెట్ ముందు అంచు మీద, తలుపు మధ్య భాగంలో వచ్చేవి చాలావరకు ఈ జాతివే. రేకు వెనక తట్టు శుభ్రంగానే ఉంటుంది.

లోపలి తుప్పు అలా కాదు. రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన చోట వాటి మధ్య సన్నటి సందు మిగులుతుంది. చెమ్మ అందులోకి ఇంకిపోతుంది, ఒక పట్టాన ఆరదు. వీల్ ఆర్చ్ మడత, తలుపుల కిందుగా పొడవునా ఉండే సిల్ పెట్టె, తలుపు అడుగు, ముందు మడ్‌గార్డ్ కింది మూల, అద్దం రబ్బరు కింది అంచు, బ్యాటరీ ట్రే, డిక్కీలో స్పేర్ చక్రం గుంట: లోపలి తుప్పుకు ఇవే పుట్టిళ్లు. పాత కార్లలో ఈ మూతపడ్డ భాగాల లోపలికి ఫ్యాక్టరీ పెయింటు సరిగా చేరేదే కాదు. మొత్తం బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటు సాయంతో మూలమూలకూ పూత పట్టించే కాథోడిక్ పద్ధతి 1970ల మధ్య నుంచి క్రమంగా వ్యాపించింది. జింకు పూత రేకు బాడీ పోర్షే 911కు 1976 మోడల్ నుంచి వచ్చింది, ఆడి 80కి 1986లో మొదలైన తరంతో వచ్చింది. అంతకు ముందు తయారైన కార్లలో చాలావాటికి లోపల ఆ కవచం లేదు. అందుకే ఆ వయసు కారుకు పై చోట్లలో పొక్కు లేస్తే, కాదని తేలేదాకా లోపలి తుప్పు అనే అనుకోండి.

దీన్ని నేను చేతితో పట్టుకుని తెలుసుకున్నాను. నా పాత సెడాన్ ఎడమ తలుపు అడుగున రెండు పొక్కులు లేస్తే, గీకి, ప్రైమర్ వేసి, రంగు కలిపి జాగ్రత్తగా స్ప్రే చేశాను. ఎక్కడ చేశానో కనిపెట్టలేనంత బాగా కుదిరింది. ఒక్క వానాకాలం గడిచేసరికి సరిగ్గా అదే చోట మళ్లీ లేచాయి. ఈసారి తలుపు లోపలి వైపు కప్పు (ట్రిమ్) ఊడదీసి, చిన్న అద్దమూ టార్చీ పెట్టి చూశాను. తలుపు అడుగున వేలెడు మందాన గట్టిపడిన మట్టి, కుళ్లిన ఆకుల పొడి. నీళ్లు కారిపోవాల్సిన మూడు రంధ్రాలూ పూడుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో ఆ మట్టిని పెకలిస్తుంటే రేకు కూడా పొరలు పొరలుగా దానితోపాటే ఊడివచ్చింది. టార్చి లోపల ఉంచి బయట నుంచి చూస్తే సూది బెజ్జాల్లోంచి వెలుగు కనిపించింది. ముందువైపు నేనెంత శ్రద్ధగా పని చేసినా అది నిలిచే అవకాశమే లేదు.

కాబట్టి ఏ డబ్బా మూతా తీయకముందే వెనక తట్టు చూడండి. ట్రిమ్ తీసి అద్దంతోనో, రంధ్రంలోకి దూరే చిన్న కెమెరాతోనో చూడొచ్చు. తర్వాత సన్నటి మొన ఉన్న పనిముట్టుతో పొక్కు నడుమ గట్టిగా పొడవండి. ఇక్కడ మొహమాటం వద్దు. మంచి రేకు మొనను ఆపుతుంది, తిన్న రేకు కరకరమంటూ లోపలికి దిగుతుంది. చుట్టుపక్కల అయస్కాంతం కూడా పెట్టి చూడండి. అది పట్టీపట్టనట్టు ఉంటే ఆ రంగు కింద మందపాటి పుట్టీ ఉందని అర్థం, అంటే ఎవరో ఎప్పుడో ఇదే చోట కప్పిపెట్టారు. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 1000 దాటిందంటే పుట్టీ ఉన్నట్టే.

అన్ని పొక్కులూ తుప్పు కావని కూడా గుర్తుంచుకోండి. ఒకటి సూదితో గిల్లి చూస్తే తెలుస్తుంది. లోపల నీటి చుక్క ఉండి, కింద ప్రైమర్ శుభ్రంగా ఉంటే అది పెయింటు పొరల మధ్య చేరిన చెమ్మ. తెల్లటి పొడి వస్తే అది చాలావరకు అల్యూమినియం. తొలినాటి ల్యాండ్ రోవర్ల లాంటి కార్లలో అల్యూమినియం రేకు ఉక్కును తాకే చోట ఇలా తింటుంది, అక్కడ తుప్పు మందులేవీ పనిచేయవు. ఇక కింద చెప్పేదంతా ఉక్కు రేకుకే.

ముట్టుకోకుండా ఉంచడం

ఇదీ ఒక మార్గమే, బద్ధకం అనుకోవద్దు. కారు మీద ఫ్యాక్టరీలో వేసిన పెయింటే ఇంకా ఉంటే, దాన్ని ఒకసారి గీకాక తిరిగి తెచ్చుకోలేం. దశాబ్దాల పాటు నిలిచిన అసలు రంగుకు ఉన్న విలువ కొత్త రంగుకు ఎంత నునుపుగా వేసినా రాదు. పొక్కులు చిన్నవై, రేకు గట్టిగా ఉండి, కారు ఎక్కువగా పొడి షెడ్డులో ఉండేదైతే నేను ఈ దారికే మొగ్గుతాను.

అయితే ఉంచడం అంటే వదిలేయడం కాదు. వెనక తట్టుకు చేరగలిగితే అక్కడ పాకే గుణమున్న మైనపు నూనె కొట్టండి, ముందు పగిలిన చోట మైనం నింపండి. పొక్కు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ రాసుకోండి. ఆరు నెలల తర్వాత అదే కోణంలో మరో ఫొటో తీయండి. పెరగకపోతే అలాగే సాగనివ్వండి. పెరిగితే మీకు జవాబు దొరికినట్టే. రోజూ వానలో తిరిగే కారుకు, ఉప్పుగాలి తగిలే కారుకు ఈ మార్గం సరిపడదు.

రేకు మెరిసేదాకా గీకి మళ్లీ కట్టుకురావడం

బయటి తుప్పుకు దీన్ని మించింది లేదు. ఓపికతో చేస్తే ఇంట్లోనే అయ్యే పని కూడా.

ముందు పొక్కు పైపెచ్చు లేపి, 80 నంబరు శాండ్‌పేపర్‌తో గీకుతూ పోవాలి. తుప్పు పెయింట్ కింద కనిపించేదానికంటే ఎక్కువ దూరమే పాకి ఉంటుంది. నా చేతి మీదుగా వెళ్లిన వాటిలో గోరంత పొక్కు అరచేతిలో సగమంత అయింది చాలాసార్లు. ఎక్కడ ఆపాలో పెయింటే చెబుతుంది: అంచున బ్లేడు పెట్టి లేపితే ఊడకుండా పట్టి ఉన్న చోట ఆపాలి. అక్కడి నుంచి అంచును వాలుగా రుద్దితే పై రంగు, దాని కింద పాత రంగు, ప్రైమర్, రేకు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా తేలతాయి. వేలితో తడిమితే మెట్టు తగలకూడదు.

ఇప్పుడు రేకు మెరుస్తూ ఉంటుంది, మధ్యలో మాత్రం నల్లటి చుక్కలు మిగులుతాయి. చాలామంది పని ఇక్కడే చెడుతుంది. ఆ చుక్కలు గుంటల అడుగున మిగిలిన తుప్పు. తిరిగే వైర్ బ్రష్ వాటిని తీయదు, నిగనిగలాడేలా రుద్ది మనల్ని మోసపుచ్చుతుంది. వాటికి రెండు దారులున్నాయి. చేతిలో ఇమిడే చిన్న బ్లాస్టర్‌తో సన్నటి గార్నెట్ లాంటి రాపిడి పొడి కొట్టడం ఒకటి, ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్ పూసి కరిగించడం రెండోది. బ్లాస్టర్ ఉంటే నేను దానికే ఓటేస్తాను, ఎందుకంటే వెనక రసాయనం మిగలదు. మామూలు ఇసుక మాత్రం వాడొద్దు, దాని దుమ్ము ఊపిరితిత్తులను కోలుకోలేనంతగా పాడుచేస్తుంది. వెడల్పాటి బల్లపరుపు రేకు మీద ఎక్కువ ప్రెషర్‌తో కొట్టినా వంకర పోతుంది. పాత కార్ల రేకు కూడా దాదాపు మిల్లీమీటరు మందమే. ఆమ్లం వాడితే డబ్బా మీద చెప్పినట్టు కడిగి, వేడి గాలితో పూర్తిగా ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ పట్టదు.

ఒకవేళ పాత పెయింట్ చాలా కాలం నాటిదైతే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గ్రైండర్ పెట్టి దుమ్ము రేపకండి, మంచి మాస్కు తప్పనిసరి.

ప్రైమర్ ఎంపికలో నాకు సందేహం లేదు: ఖాళీ రేకు మీద రెండు భాగాలు కలిపే ఎపాక్సీ. అది నీటిని అడ్డుకుంటుంది. స్ప్రే డబ్బాల్లో దొరికే, ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమర్ రేకును బాగా పట్టుకుంటుంది కానీ చెమ్మను ఎక్కువకాలం ఆపలేదు, పైన మరో పొర తప్పక పడాలి. జింకు ప్రైమర్ మంచిదే, అయితే అది ఇనుము బదులు తాను తినబడి రక్షిస్తుంది కాబట్టి శుభ్రమైన లోహాన్ని నేరుగా తాకాలి. తుప్పు మీదో పాత రంగు మీదో జింకు కొడితే ఉపయోగం లేదు. పసుపో ఎరుపో ఏ రంగు ప్రైమరైనా, గీకిన రోజే వేయండి. గాలిలో చెమ్మ ఎక్కువుంటే మెరిసే రేకు కొద్ది గంటల్లోనే మసకబారుతుంది. ఖాళీ రేకును నీళ్లతో రుద్దడం అసలే వద్దు. గుంటలు పూడ్చే పుట్టీ ఎపాక్సీ పైన రావాలి, కింద కాదు. పుట్టీ చెమ్మ పీల్చుకుంటుంది, రేకుకు దానికి మధ్య నీరు చొరని పొర ఒకటి ఉండి తీరాలి.

చివరి రంగు విషయానికొస్తే, గట్టిపడే ద్రవం కలిపే టూకే పెయింట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా వాటిని స్ప్రే చేయొద్దు. గీకి, ప్రైమర్ బ్రష్‌తో వేసేవరకు మీరు చేసుకుని, స్ప్రే పని మాత్రం బూత్ ఉన్నవాళ్లకు ఇవ్వడం తెలివైన పంపకం.

తుప్పు మార్చే మందు

ఈ కన్వర్టర్ల మీద అతి నమ్మకమూ ఉంది, అతి చిన్నచూపూ ఉంది. అందులోని టానిక్ ఆమ్లం తుప్పును నల్లటి ఫెర్రిక్ టానేట్‌గా మారుస్తుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఫాస్ఫేటుగా మారుస్తుంది. మారిన ఆ పొర తుప్పంత చురుకైనది కాదు, పైన పెయింటు నిలుస్తుంది. కానీ మందు తాకినంత లోతే మారుతుంది. మందపాటి పొరలుగా లేచిన తుప్పు మీద పూస్తే పైపొర నల్లబడుతుంది, అడుగున పని యథాప్రకారం సాగుతుంది. శుభ్రమైన మెరిసే రేకు మీద పూస్తే దానికి మార్చడానికేమీ దొరకదు.

అందుకే కంటికి కనిపించే బయటి ప్యానెల్ మీద, గీకి తీయగలిగిన చోట, నేను దీన్ని వాడను. గ్రైండర్ చేరని మూలల్లో, ఫ్లోర్ కింద, చాసిస్ బ్రాకెట్ల సందుల్లో వాడతాను. ఊడేదంతా వైర్ బ్రష్‌తో రాల్చి, గట్టిగా పట్టి ఉన్న పలుచటి తుప్పు మీదే పూయాలి. పైన ప్రైమర్, పెయింటు లేకుండా వదిలేస్తే మళ్లీ తుప్పు వస్తుంది. ఏ ప్రైమర్ పడుతుందో ఆ మందు తయారీదారు కాగితంలోనే చూసుకోండి.

విప్పి తీయగల భాగాలకు ఇంకా మంచి మార్గాలున్నాయి. బ్రాకెట్లు, హింజిలు, చక్రాల కప్పుల లాంటివి తుప్పును పట్టి కరిగించే చెలేట్ ద్రావణంలో నానబెట్టొచ్చు, లోహానికి హాని ఉండదు. వాషింగ్ సోడా నీటిలో కరెంటుతో తీసే పద్ధతీ బాగుంటుంది. కరెంటు ప్లస్ కొనకు మామూలు ఇనుప ముక్కే కట్టండి. స్టెయిన్‌లెస్ కడితే విషపు క్రోమియం నీటిలో కలుస్తుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆరుబయట చేయాలి.

కోసి అతకడం

మొన లోపలికి దిగిందా, టార్చి వెలుగు బయటికి కనిపించిందా, ఇక చర్చ లేదు. తిన్న రేకు పోవాలి, కొత్త రేకు రావాలి. ఫైబర్ గ్లాసు, వలగుడ్డ, పుట్టీ కలిపి చిల్లు మూసేవాళ్లున్నారు. బయటికి నున్నగా కనిపిస్తుంది. వెనక తట్టున తుప్పు అలాగే ఉంటుంది, ఆ ముద్ద చెమ్మను పట్టి ఉంచుతుంది, అంచులు వదిలేసి పొక్కు మునుపటి కంటే పెద్దదై తిరిగొస్తుంది. ఇక సిల్, చాసిస్ రైలు (కారు అడుగున పొడవునా ఉండే ఉక్కు దూలం), సస్పెన్షన్ బిగించే చోటు, సీటు బెల్టు బోల్టు చుట్టుపక్కల అయితే అది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. సస్పెన్షన్, స్టీరింగ్, బెల్టు బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపు ఏ చిల్లు ఉన్నా బండి బలానికి సంబంధించినదిగానే లెక్కించి వెల్డింగ్‌కే పంపండి.

కోతలో పిసినారితనం పనికిరాదు. రేకు పూర్తి మందంతో, మెరుస్తూ దొరికేదాకా వెనక్కి కోయాలి. పలచబడిన అంచుకు వెల్డింగ్ ఆర్క్ పెడితే కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతుంది. అతుకు రెండు రకాలు. అంచుకు అంచు చేర్చి వేసేది బట్ అతుకు, ఒకదాని మీద ఒకటి ఎక్కించేది ల్యాప్ అతుకు. ల్యాప్ సులువు, బలంగానూ ఉంటుంది, కానీ రెండు రేకుల మధ్య సందు మళ్లీ తయారవుతుంది. మనం ఇప్పుడే కోసి పారేసిన తుప్పు పుట్టింది సరిగ్గా అలాంటి సందులోనే. వెనక తట్టుకు చేరలేని చోట ల్యాప్ తప్పకపోతే, మధ్యలో వెల్డ్ తట్టుకునే జింకు ప్రైమర్, తర్వాత అతుకు సందు మూసే సీమ్ సీలర్, ఆపైన లోపల మైనం పడాలి. మిగతా అన్నిచోట్లా బట్ అతుకే అడగండి. వైరును తానే అందించే మిగ్ వెల్డర్‌లో 0.6 మిల్లీమీటర్ల వైరు పెట్టి, ఒకచోట చుక్క వేసి, చల్లారనిచ్చి, దూరంగా ఇంకో చుక్క వేస్తూ పోవాలి. ఒకే గీతలా లాగితే ప్యానెల్ ముడుచుకుపోతుంది.

బ్యాటరీ విప్పాలి. కార్పెట్, సీటు, రబ్బరు పట్టీలు తీసేయాలి. పెట్రోలు ట్యాంకు, పైపులు ఎక్కడున్నాయో చూసుకుని అవసరమైతే దింపాలి. కింద పూసిన తారు పూత వెనకవైపు మండినా ముందున్నవాళ్లకు కనిపించదు కాబట్టి, మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒక మనిషి పక్కనే ఉండాలి. పని అయ్యాక కూడా గంటసేపు కారును ఒంటరిగా వదలకండి.

ఒకే ప్యానెల్‌లో మూడు నాలుగు అతుకులు పడేట్టుంటే, ముందు మడ్‌గార్డ్ లాంటి బోల్టులతో ఊడే ప్యానెల్ మొత్తం మార్చడమే మేలు. అయితే కొత్తగా అచ్చుపోసినవి చాలాసార్లు గీతకు గీత కలవవు. పాతది పారేయకముందే కొత్తదాన్ని తగిలించి, సందులు సరిచూసుకోండి. పొక్కులు బండి నాలుగు వైపులా లేస్తుంటే విడివిడిగా తిప్పలు పడేకన్నా, బాడీ మొత్తం రేకు వరకు విప్పే పనికి ఎప్పుడు సిద్ధమవుతారో ఆలోచించి, అంతవరకు మైనంతో నిలబెట్టుకురండి.

పని బయటికి ఇస్తుంటే

ఎంతవుతుందని అడిగే ముందు మూడు సంగతులు అడగండి. వెనక తట్టు చూశారా? ప్రైమర్ వేయకముందు, మెరిసే రేకు ఫొటో చూపిస్తారా? వెల్డింగ్ అయ్యాక లోపలికి మైనం ఎలా పంపిస్తారు? మూడో ప్రశ్నకు తడబడేవారి చేతిలో మీ సిల్ పెట్టొద్దు. వెల్డింగ్ వేడికి లోపలి పాత పూత కాలిపోతుంది. అతుకు వెనక భాగం ఏ రక్షణా లేని పచ్చి ఉక్కు. అక్కడికి సన్నటి గొట్టంతో, నలువైపులా చిమ్మే నాజిల్‌తో క్యావిటీ మైనం పంపాలి. సిల్‌లో ఒక కొస నుంచి మొదలుపెట్టి గొట్టాన్ని నెమ్మదిగా వెనక్కి లాగుతూ కొడితే, నీళ్లు పోయే రంధ్రాల నుంచి మైనం చుక్కలుగా కారడం కనిపిస్తుంది. అది కనిపిస్తే లోపలికి చేరినట్టు. కారడం ఆగాక ఆ రంధ్రాలను సన్నటి తీగతో మళ్లీ తెరవండి, మైనంతో మూసుకుపోతే మళ్లీ నీరు నిలుస్తుంది. రంగు పని ఎంత బాగున్నా ఈ ఒక్క పని జరగకపోతే, వచ్చే వానాకాలానికి అదే చోట మళ్లీ మీ వేలికి గరుకు తగులుతుంది.